టోలు లేని దారి మనకెందుకు లేదు?



రెండు నెలలుగా మా ఇంట్లో ఒకటే చర్చ. వచ్చే వేసవిలో మూడు వారాలు సెలవు పెట్టి ఫ్రాన్సు వెళ్ళాలనీ, అక్కడ ఒక మోటార్‌హోమ్ అద్దెకి తీసుకుని దేశం సగం చుట్టాలనీ అనుకున్నాం. వంటగది, పడకలు, బాత్రూమ్ అన్నీ బండిలోనే ఉంటాయి. ఫ్రెంచి వాళ్ళు దాన్ని కాంపింగ్ కార్ అంటారు. పప్పూ ఆవకాయా వెంట తీసుకెళ్ళొచ్చని మా ఆవిడ ఒప్పుకుంది. వైఫై ఉంటుందంటే మా అమ్మాయి ఒప్పుకుంది. సూర్యాపేటలో ఉన్న మా నాయినని కూడా తీసుకెళ్ళాలన్నది నా కోరిక.

ఖతర్‌లో ఉండేవాళ్ళకి ఈ మోజు ఎందుకో చెప్పాలి. ఇక్కడ ఉత్తరాన రువైస్ దగ్గర బయల్దేరితే దక్షిణాన అబూ సమ్రా సరిహద్దు చేరడానికి రెండు గంటలు చాలు. ఆ తర్వాత దేశమే అయిపోతుంది! 2017 జూన్ నుంచి 2021 జనవరి దాకా ఆ ఒక్క సరిహద్దూ మూసే ఉంది. ఆ మూడున్నరేళ్ళూ కారు ఉండి కూడా ఎటూ పోలేని వాళ్ళం. అందుకే పొద్దున్నించి సాయంత్రం దాకా బండి నడిపినా ఇంకా దేశం మిగిలి ఉండే చోటంటే మాకు ఆశ.

అసలు విషయానికి వస్తాను. మా చర్చ హోటళ్ళ గురించి కాదు, టోళ్ళ గురించి.

మేం అనుకున్న దారి ఇది. పారిస్ నుంచి మోంట్ సెయింట్ మిషెల్, అక్కడినుంచి బ్రిటనీ చుట్టి నాంత్, తర్వాత బోర్డో, ఆల్బీ, మియో, మళ్ళీ ఉత్తరానికి క్లెర్మాన్ ఫెరాన్ మీదుగా పారిస్. మొత్తం సుమారు 2,500 కిలోమీటర్లు. ఫ్రాన్సులో టోలు లెక్క బండి ఎత్తునీ, బరువునీ బట్టి ఉంటుంది. రెండు మీటర్ల లోపు ఎత్తున్న కారు ఒకటో తరగతి. రెండు నుంచి మూడు మీటర్ల ఎత్తు, మూడున్నర టన్నుల లోపు బరువు ఉంటే రెండో తరగతి. మామూలు మోటార్‌హోమ్‌లు ఎక్కువగా ఇందులోకే వస్తాయి. మూడు మీటర్లు దాటితే మూడో తరగతి, అంటే లారీల జాబితాలోకి పోతాం. రెండో తరగతికి కారు మీద దాదాపు ఒకటిన్నర రెట్లు పడుతుంది.

మా ఆవిడ ఎక్సెల్‌లో రెండు కాలమ్‌లు వేసింది. ఒకటి టోళ్ళతో, ఒకటి టోళ్ళు లేకుండా. టోళ్ళతో వెళ్తే ఆ ఖర్చే 180 యూరోల చుట్టూ తేలింది. టోళ్ళు లేకుండా వెళ్తే మొత్తం మీద ఒక రోజు డ్రైవింగు ఎక్కువ. చిన్న రోడ్ల మీద గంటకి 80 కిలోమీటర్లే. ఊరి దగ్గర్లో ప్రతి రెండు నిమిషాలకీ ఒక రౌండ్ అబౌట్. కానీ ఊళ్ళు కనబడతాయి, సంతలు కనబడతాయి. చాలా పల్లెల్లో పంచాయతీ వాళ్ళే మోటార్‌హోమ్‌లు ఆపుకోవడానికి స్థలం, నీళ్ళ పంపు ఏర్పాటు చేస్తారట.

"ఏమండీ, 180 యూరోలకి ఒక రోజు మిగుల్తుందంటే కట్టేద్దాం" అని తను. "ఊళ్ళు చూడకుండా పోయేదానికి ఫ్రాన్సు దాకా ఎందుకు?" అని నేను. చివరికి శుక్రవారం ఫోనులో నాయినని అడిగాం. ఆయన ఆర్టీసీ డ్రైవరుగా సూర్యాపేట డిపోలో రిటైరయ్యారు. హైదరాబాద్-విజయవాడ రోడ్డు మీద ఆయన నడిపిన కిలోమీటర్లు లెక్కపెడితే భూమిని ఎన్నిసార్లు చుట్టొచ్చో!

నేను చెప్పిందంతా విని ఆయన ఒకటే అడిగారు. "టోలు కట్టకుంటే పోనీకి ఇంకో రోడ్డున్నదా ఆడ?"

"ఉన్నది నాయినా. పక్కనే పాత రోడ్డు ఉంటది. దానికి పైసా కట్టనక్కర లేదు."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "మరి మన దగ్గర ఎందుకు లేదు బిడ్డా?"

సెలవు ప్లానింగు అక్కడ ఆగిపోయింది. ఆ ప్రశ్నకి జవాబు వెతుకుతూ ఇది రాస్తున్నాను.

మా నాయిన నడిపినప్పుడు అది తొమ్మిదో నంబరు జాతీయ రహదారి. ఇప్పుడు 65. చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట, మునగాల, కోదాడ, నందిగామ... ఒక్కొక్క ఊరినీ పలకరిస్తూ పోయే రోడ్డు. దాన్ని నాలుగు లైన్లు చేసే పని జీఎంఆర్ సంస్థకి కట్టు-నడుపు-అప్పగించు పద్ధతిలో ఇచ్చారు. 2012 చివర్లో టోలు మొదలైంది. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు దగ్గర మూడు ప్లాజాలు. రాష్ట్ర విభజన వల్లా, ఇసుక లారీల మీద వచ్చిన ఆంక్షల వల్లా రాబడి పడిపోయిందని ఆ సంస్థ వాదించింది. చివరికి 2024లో గడువు తీరకుండానే తప్పుకుంది. వసూలు జాతీయ రహదారుల సంస్థ చేతికి వచ్చింది. 2025 ఏప్రిల్ నుంచి రేట్లు కొంచెం తగ్గాయి.

రోడ్డు బాగుపడలేదని నేను అనను. మా అత్తగారిది విజయవాడ. ఆ రోడ్డు వల్ల మాకెంత సుఖమో నాకు తెలుసు. నా అభ్యంతరం వేరే. కొత్త రోడ్డు పక్కన పాత రోడ్డు మిగల్లేదు. పాత రోడ్డునే వెడల్పు చేసి, దాని మీదే గేటు పెట్టారు. ఊళ్ళు తప్పించే బైపాసుల దగ్గర పాత ముక్కలు కొన్ని ఉన్నాయి, అక్కడక్కడా సర్వీసు రోడ్లు ఉన్నాయి. కానీ హైదరాబాద్ నుంచి విజయవాడకి ఈ రహదారి మీద టోలు కట్టకుండా కారులో పోవాలంటే దారి లేదు. నిన్నటి దాకా మనది అనుకున్న రోడ్డు మీద ఇవాళ మనమే డబ్బు కట్టి నడుస్తున్నాం.

ఫ్రాన్సులో ఇలా ఎందుకు కాలేదు? అక్కడ మోటారు రహదారుల చట్టం 1955 ఏప్రిల్ 18న వచ్చింది. ఆ చట్టంలో మూలసూత్రం ఏమిటంటే, రహదారి వాడకం ఉచితం. టోలు అనేది మినహాయింపు. కొత్తగా వేసే మోటారు రహదారికి టోలు పెట్టొచ్చు గానీ, పాత జాతీయ రహదారులు సాధారణంగా ఉన్నచోటే ఉచితంగా మిగిలాయి. అందుకే ఇవాళ మా ఆవిడ రెండో కాలమ్ వేయగలిగింది. మన దగ్గర ఎక్సెల్‌లో ఒకటే కాలమ్.

టోలు లేని పెద్ద రోడ్లు కూడా అక్కడున్నాయి. క్లెర్మాన్ ఫెరాన్ నుంచి బెజియే దాకా 300 కిలోమీటర్లకి పైగా సాగే ఏ75 ఉచితం. మధ్యలో మియో వంతెనకి మాత్రం కట్టాలి. 2004 డిసెంబరులో ప్రారంభమైన ఆ వంతెన ఎత్తు 343 మీటర్లు. దానికి కట్టడం నాకు న్యాయంగానే తోస్తుంది. కట్టడం ఇష్టం లేనివాళ్ళకి కింద లోయలోంచి పాత రోడ్డు ఉండనే ఉంది! కొండల మధ్య వెనకబడిన ప్రాంతానికి దారి కావాలని ప్రభుత్వం ఆ రోడ్డుని పన్నుల డబ్బుతో వేసింది.

ఇంకా ఆసక్తికరమైనది బ్రిటనీ. ఆ ప్రాంతం మొత్తంలో టోలు రోడ్డే లేదు. ఎందుకు లేదని అడిగితే అక్కడివాళ్ళు ఒక కథ చెబుతారు. అయిదు వందల ఏళ్ళ కిందట బ్రిటనీ రాణి ఆన్ ఫ్రాన్సు రాజుని పెళ్ళాడేటప్పుడు తన ప్రజల మీద దారి సుంకం వేయకూడదని మాట తీసుకుందట. అందమైన కథే గానీ నిజం కాదు. నిజం ఏమిటంటే 1960లలో అక్కడి రైతులు రోడ్డెక్కారు. పారిస్‌కి దూరంగా, ఒక మూలకి పడి ఉన్నాం, మాకు దారి కావాలన్నారు. 1968లో డిగాల్ ప్రభుత్వం బ్రిటనీకి ఉచిత నాలుగు లైన్ల రోడ్ల ప్రణాళిక ప్రకటించింది. 2013లో లారీల మీద పర్యావరణ సుంకం వేయబోతే ఎర్రటోపీలు పెట్టుకుని మళ్ళీ రోడ్డెక్కారు. ఆ అక్టోబరులో సుంకం ఆపేశారు, 2014లో పూర్తిగా వదిలేశారు.

ఇది చదివినప్పుడు నాకు మన హామీలు గుర్తొచ్చాయి. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో ప్రధాని ఇచ్చిన ప్రత్యేక హోదా మాట గురించి మనం ఎన్నో రాసుకున్నాం, ఎన్నో పోట్లాడుకున్నాం. కానీ అదే ఏడాది వచ్చిన విభజన చట్టంలో రోడ్డు గురించి ఒక మాట ఉందని ఎంతమందికి గుర్తుంది? ఆంధ్రప్రదేశ్ కొత్త రాజధాని నుంచి హైదరాబాదుకీ, తెలంగాణలోని ఇతర ముఖ్య నగరాలకీ వేగవంతమైన రైలు, రోడ్డు మార్గాలు కేంద్రం చేపట్టాలని పదమూడో షెడ్యూలులో రాశారు. ఇది రెండు రాష్ట్రాలదీ. ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అన్న గొడవ లేనిది. మనందరం కలిసి అడగగలిగిన అరుదైన విషయం ఇది!

ఇప్పుడు ఎదుటి పక్షం వాదన కూడా చెప్పుకోవాలి. వాడుకున్నవాడే కట్టాలి అంటారు. పాలమూరులో కూలి చేసుకునే మనిషి, జన్మలో కారెక్కని మనిషి, నా కారు నున్నగా పోవడానికి పన్నెందుకు కట్టాలి? ఇది బలమైన వాదన. నేను ఒప్పుకుంటాను కూడా. బైకులకీ, ఆటోలకీ, ట్రాక్టర్లకీ జాతీయ రహదారుల మీద టోలు లేకపోవడం మంచి పనే.

కానీ ఆ కూలి మనిషి విజయవాడ పోవడానికి ఆర్టీసీ బస్సెక్కుతాడు. అతని టికెట్టులో టోలు కలిసే ఉంటుంది. కారున్నవాళ్ళకి 2025 ఆగస్టు 15న కేంద్రం ఒక వార్షిక పాసు తెచ్చింది. తెచ్చినప్పుడు దాని ధర 3,000 రూపాయలు, దానితో 200 సార్లు గేటు దాటొచ్చు. నాలాంటివాడికి అది లాభం. బస్సులో నిలబడి పోయేవాడికి ఆ పాసు లేదు. వాడుకున్నవాడు కట్టాలన్న సూత్రం చివరికి ఎక్కడ తేలింది? ఎక్కువ ఉన్నవాడికి రాయితీ, తక్కువ ఉన్నవాడికి పూర్తి రేటు! పైగా పెట్రోలు, డీజిలు మీద రోడ్ల సెస్సు వేరే ఉంది. బండి కొన్నప్పుడు కట్టే లైఫ్ టాక్సు వేరే ఉంది. ఒకే రోడ్డుకి మూడు జేబుల్లోంచి తీస్తున్నారు.

ఖతర్‌లో టోలే లేదు కదా, అక్కడ హాయి కదా అని మీరనొచ్చు. నిజమే. మా ఇంటి నుంచి అల్ షమాల్ రోడ్డు ఎక్కడానికి అయిదు నిమిషాలు. ఘర్రాఫా ఇంటర్‌చేంజి మీదుగా ఎటు పోయినా ఒక్క గేటు అడ్డం రాదు. కానీ దాన్ని చూసి ఇండియాలో టోళ్ళు ఎత్తేయమనడం తప్పు. ఇక్కడి రోడ్ల ఖర్చు గ్యాసు భరిస్తుంది. మనకి గ్యాసు లేదు. ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ రోడ్ల మీద జూలై ఎండలో తారు పరిచిన వాళ్ళలో జగిత్యాల వాళ్ళున్నారు, నిజామాబాద్ వాళ్ళున్నారు, కడప, కోనసీమ వాళ్ళున్నారు. 2021 మార్చిలో ఇక్కడ అమల్లోకి వచ్చిన కనీస వేతనం నెలకి 1,000 రియాళ్ళు. ఉచిత రోడ్డుకి కూడా ఎవరో ఒకరు కడుతూనే ఉంటారు. ఎవరు కడుతున్నారో లెక్క కనబడాలి, అంతే.

ఆ లెక్క విషయంలో ఫ్రాన్సుని పొగడలేను. అక్కడా మోసపోయామనే అంటారు. 2005-06లో విల్‌పాన్ ప్రభుత్వం మోటారు రహదారుల సంస్థల్లోని తన వాటాలని 14.8 బిలియన్ యూరోలకి ప్రైవేటు కంపెనీలకి అమ్మేసింది. రోడ్లు ప్రభుత్వానివే, వసూలు హక్కు మాత్రం 2031-2036 మధ్య దాకా వాళ్ళది. 2014లో ఆ దేశపు పోటీ నియంత్రణ సంస్థ లెక్క తీస్తే, కట్టిన ప్రతి 100 యూరోల టోలులో 20 నుంచి 24 యూరోలు నికర లాభం అని తేలింది. 2015లో రేట్ల పెంపు ఆపామని ప్రభుత్వం గొప్పగా చెప్పుకుంది. ఆపిన దాన్ని 2019-2023 మధ్య పెంపులతో రాబట్టుకోవచ్చని ఒప్పందంలో రాసుకున్న సంగతి మాత్రం చెప్పలేదు. కాగితం బయటికి రావడానికి కోర్టు దాకా పోవలసి వచ్చింది.

ఇది చదువుతుంటే హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు గుర్తు రాకమానదు. 158 కిలోమీటర్ల రోడ్డు. 2023లో 7,380 కోట్లకి 30 ఏళ్ళు లీజుకి ఇచ్చారు. అప్పటి ప్రభుత్వం మంచి ధర అంది, ప్రతిపక్షం తక్కువకి ఇచ్చారంది. ప్రభుత్వం మారాక 2024 డిసెంబరులో దర్యాప్తు ప్రకటించారు. ఎవరిది తప్పో నేను తేల్చను, నాకు తెలియదు. నాకు తెలిసింది ఒక్కటే. ఇవాళ రెండో తరగతి చదివే పిల్లలు పెళ్ళిళ్ళు చేసుకుని పిల్లల్ని కన్నాక కూడా ఆ లీజు నడుస్తూనే ఉంటుంది. అంత పొడుగు ఒప్పందం చేసేముందు దాని లెక్క జనం ముందు పెట్టాలా వద్దా?

కోర్టులు కొంత దారి చూపించాయి. ఢిల్లీ-నోయిడా ఫ్లైవే మీద 2001 నుంచి టోలు వసూలు చేశారు. ఖర్చూ లాభమూ రాబట్టుకున్నారంటూ 2016లో అలహాబాద్ హైకోర్టు ఆపింది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. ఎన్నేళ్ళు వసూలు చేసినా ఖర్చు తీరనట్టే కనిపించేలా ఆ ఒప్పందంలో లెక్క రాసుకున్నారు మరి! కేరళలో పాలియెక్కర దగ్గర రోడ్డు అధ్వానంగా ఉందని 2025 ఆగస్టులో హైకోర్టు కొన్నాళ్ళు టోలు ఆపిస్తే, సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. రోడ్డు సరిగ్గా లేనప్పుడు టోలు అడిగే హక్కు లేదన్నది ఇప్పుడు కోర్టుల్లో నిలబడే మాట.

మరి మనం ఏం అడగాలి? 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభలో ముఖ్యమంత్రి రాష్ట్ర రోడ్ల నిర్వహణని కూడా ప్రైవేటు సంస్థలకి ఇచ్చి టోలు వసూలు చేసే ఆలోచన బయటపెట్టారు. అంటే ఈ చర్చ జాతీయ రహదారి దగ్గర ఆగదు, పల్లె దాకా వస్తుంది. హైదరాబాద్-అమరావతి మధ్య కొత్త గ్రీన్‌ఫీల్డ్ ఎక్స్‌ప్రెస్ వే గురించి కూడా కొన్నేళ్ళుగా మాట్లాడుకుంటున్నారు. ఈ సమయంలో అడిగితేనే అడిగినట్టు. గేటు కట్టాక అడిగి లాభం లేదు.

నావి నాలుగు మాటలు.

ఒకటి, కొత్త ఎక్స్‌ప్రెస్ వే వస్తే దాని మీద టోలు పెట్టుకోండి, సంతోషంగా కడతాం. అది మొదలైన రోజే పాత 65 మీద గేట్లు ఎత్తేయండి. ఫ్రాన్సులో 1955 నుంచి జరుగుతున్నది ఇదే.

రెండు, ఆర్టీసీ బస్సుకి టోలు వద్దు. ఆ రోడ్డు మీద మనిషికి తక్కువ జాగా తీసుకునే బండి అదొక్కటే.

మూడు, ప్రతి ప్లాజా దగ్గర ఒక బోర్డు పెట్టండి. ఈ రోడ్డుకి అయిన ఖర్చు ఇంత, ఇవాళ్టి దాకా వసూలైనది ఇంత, ముగిసే తేదీ ఇది. మూడే మూడు లైన్లు, తెలుగులో.

నాలుగు, టోలు ఒప్పందం ఏదైనా సంతకానికి ముందే బయట పెట్టాలి. అంచనా విలువతో సహా.

ఈ మాటలు మనకెందుకు, మనం అక్కడ ఉండం కదా అని కొందరు మిత్రులు అనొచ్చు. ఏడాదికొకసారి శంషాబాద్‌లో దిగి, ఔటర్ ఎక్కి, ఫాస్టాగ్ అతికించిన క్యాబులో ఊరికి పోయేది మనమే. మనకి ఆ వంద రూపాయలు తెలియవు. అందుకే మనం మాట్లాడం. రోజూ సూర్యాపేట నుంచి బస్సెక్కే మనిషికి తెలుస్తాయి. అతని మాట వినేవాళ్ళు లేరు. మన ఎమ్మెల్యేలూ ఎంపీలూ గల్ఫుకీ అమెరికాకీ వచ్చినప్పుడు శాలువాలు కప్పి ఫోటోలు దిగుతాం కదా. ఈసారి శాలువాతో పాటు ఈ నాలుగు ప్రశ్నలున్న కాగితం కూడా చేతిలో పెడదాం.

మా ప్రయాణం సంగతి చెప్పి ముగిస్తాను. మా ఆవిడా నేనూ రాజీపడ్డాం. బ్రిటనీ, ఏ75 ఎలాగూ ఉచితం. నాంత్ నుంచి బోర్డో దాకా పాత రోడ్డే. చివరి రోజు క్లెర్మాన్ నుంచి పారిస్‌కి మాత్రం టోలు కట్టి పోతాం, విమానం తప్పిపోకూడదు కాబట్టి. నాయిన వీసా కాగితాలు హైదరాబాదులో ఇవ్వాలి. బ్యాంకు స్టేట్‌మెంటు, పెన్షన్ కాగితం అన్నీ జతచేసి పెట్టాం. ఆయనకి ఫ్రాన్సులో ఏం చూడాలనుందని అడిగితే ఈఫిల్ టవర్ అనలేదు.

"ఆ పాత రోడ్డు చూస్త బిడ్డా. పక్కన పెద్ద రోడ్డు వేసినంక కూడా దాన్ని బతకనిచ్చిన్రంటివి గదా" అన్నారు.

వీసా వస్తే చూపిస్తాను. మన దగ్గర చూపించే పని మాత్రం నా ఒక్కడి వల్ల అయ్యేది కాదు. మీ అభిప్రాయాలు, అభ్యంతరాలు తప్పక రాయండి.

– అల్ ఘర్రాఫా నుంచి ఒక సభ్యుడు